కొండదారికి ఒక చిన్న కత్తి

(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో మధ్యాహ్నం కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచీ మీరు డి.ఎ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ, లైఫ్ సర్టిఫికెట్ల గురించీ విన్నారు. భోజనాలు కూడా అయినవి. ఇటువంటి వేళ కత్తి గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. కార్యక్రమ పత్రంలో శీర్షిక చూసి ఇద్దరు ముగ్గురు మిత్రులు, "ఏమండీ, బకాయిల కోసం ఇక కత్తులు పట్టవలసిందేనా?" అని అడిగారు. అంతవరకూ రాలేదు లెండి. నేను చెప్పబోయేది దోసకాయ కోసుకునే కత్తి గురించి.

మన సభ్యులలో పాతికమంది వరకు నెలకొకసారి కొండ నడకకు వెళ్తున్న సంగతి మీకు తెలుసు. ఉదయం బస్సెక్కి అనంతగిరి వైపో, పాడేరు వైపో పోయి, నాలుగైదు గంటలు నడిచి, చీకటి పడేలోగా తిరిగి వస్తాము. ఇది పర్వతారోహణమేమీ కాదు. అయినా రోడ్డు విడిచి రెండు మూడు కిలోమీటర్లు లోపలికి పోయామంటే సెల్‌ఫోను పలకదు. ఏదైనా జరిగితే మన సంచిలో ఉన్నదీ, మన పక్కన ఉన్న మనిషీ తప్ప ఇంకొక ఆధారం లేదు. అమెరికాలో సియాటిల్ నగరపు పర్వతారోహకుల సంఘంవారు 1930లలోనే ఇటువంటి ప్రయాణాలకు పది వస్తువుల జాబితా ఒకటి తయారుచేసుకున్నారు. పటం, దిక్సూచి, నల్లకళ్లద్దాలు, అదనంగా బట్టలు, టార్చి, ప్రథమ చికిత్స సామాను, అగ్గిపెట్టె, నిప్పు రాజేసే సరంజామా, అదనంగా తిండి, వీటితోపాటు ఒక కత్తి. మిగిలిన తొమ్మిదింటి గురించి మన నడక బృందంలో ఎప్పుడూ వాదన రాలేదు. కత్తి దగ్గరే వచ్చింది. ఒకరు వంటింటి కత్తిని దినపత్రికలో చుట్టుకుని తెస్తారు. ఒకరు మనవడు పంపిన మడతకత్తి తెస్తారు. ఇంకొకరైతే, ఆయన ఈ సభలోనే ఉన్నారు, కొబ్బరిబొండాలు కొట్టే కత్తి సంచిలో పెట్టుకుని వచ్చారు. నేను సర్వే శాఖలో 33 సంవత్సరాలు పనిచేసి, అందులో సగం ఏజెన్సీ కొండలలోనే గడిపినవాణ్ని కాబట్టి తీర్పు చెప్పమన్నారు.

కత్తి కొనటానికి అంగడికి పోయేముందు, దానితో మనం చేసే పనులేమిటో ఒక కాగితం మీద రాసుకుంటే సగం సమస్య తీరిపోతుంది. గత నాలుగైదేళ్ల నడకలలో నా కత్తి చేసిన పనులు చెబుతాను. దోసకాయలు, జామకాయలు, మామిడికాయలు కోయటం. పురికొస తెంపటం. చించితే చిరగని ప్లాస్టిక్ పొట్లాలు విప్పటం. ఒకరి చెప్పు పట్టీ తెగితే నైలాను తాడు ముక్క కోసి కట్టటం. వాన రోజున తడిసిన ఎండుపుల్ల పైపొర చెక్కి లోపలి పొడి చెక్క బయటకు తీసి నిప్పు చేయటం. ఒకసారి ఊరి చివర నైలాను ఉచ్చులో కాలు ఇరుక్కున్న మేకపిల్లను విడిపించటం. ఒక మిత్రునికి మడమ బెణికినప్పుడు తువ్వాలును పట్టీలుగా కోయటం. ఇంతే. వీటిలో నాలుగంగుళాల అలుగు, అంటే కోసే భాగం, చాలనిది ఒక్కటీ లేదు.

"మరి ఎలుగుబంటి ఎదురైతే?" అని అడుగుతారు. ప్రతిసారీ అడుగుతారు. తూర్పు కనుమల్లో ఎలుగుబంట్లు ఉన్న మాట నిజమే, అవి మనిషిని చీల్చివేసే మాటా నిజమే. కానీ ఎలుగుకు కత్తి అందేంత దగ్గరకు మనం వచ్చామంటే, మన చేతిలో నాలుగంగుళాల కత్తి ఉన్నా పద్నాలుగంగుళాల కత్తి ఉన్నా ఫలితం ఒకటే. అది సాధారణంగా తనకు తెలియకుండా మనిషి మీదికి వచ్చేసినప్పుడే తిరగబడుతుంది. కాబట్టి గుంపుగా, మాట్లాడుకుంటూ, కర్ర తాటిస్తూ నడవటం రక్షణ. మన బృందంలో ఆ మాట్లాడే పనికి లోటు లేదు. పెద్ద కత్తులన్నీ భయంతో కొనేవే. భయంతో కొన్న కత్తి బరువుగా ఉండి ఇంట్లో ఉండిపోతుంది, లేదా మన చేతినే కోస్తుంది.

అమెరికాలో హోరేస్ కెప్‌హార్ట్ అని ఒకాయన ఉండేవారు. సెయింట్ లూయిస్ నగరంలో గ్రంథాలయాధికారి. ఆ ఉద్యోగం వదిలిన తరువాత 1904లో గ్రేట్ స్మోకీ పర్వతాలకు వెళ్లి అడవిలో నివసించారు. 1906లో అడవిలో గడిపే పద్ధతుల మీద ఆయన వేసిన పుస్తకాన్ని నేటికీ చదువుతున్నారు. ఆయన ఎంచుకున్న కత్తి అలుగు నాలుగున్నర అంగుళాలు, పిడి కూడా దాదాపు అంతే. పల్చని అలుగు, నునుపైన కొయ్య పిడి. అప్పట్లో దుకాణాల్లో అమ్మే పెద్ద పెద్ద వేటకత్తులంటే ఆయనకు గిట్టేది కాదు. ఒక లైబ్రేరియను నూరేళ్లకు పైగా క్రితం తేల్చిన లెక్క ఇది. మనం మార్చవలసినది నాకేమీ కనపడలేదు.

ఇక మడతకత్తా, మడవని కత్తా? మడతకత్తి జేబులో పడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఇంటి దగ్గర నేనూ వాడతాను. కానీ దానికి ఒక కీలు ఉంది. ఆ కీలులోకి ఇసుక, పండ్ల రసం చేరతాయి. గోటితో తెరవవలసిన కత్తి, చలికి బిగుసుకుపోయిన వేళ్లకూ, కీళ్లవాతం ఉన్న వేళ్లకూ లొంగదు. మామూలు చాకులలో అలుగును పట్టి ఉంచేది ఒక స్ప్రింగు మాత్రమే. మొనతో పొడిచినప్పుడు అది వెనక్కి మడుచుకుని వేళ్ల మీదికి వస్తుంది. తాళం పడే రకాలున్నాయి గానీ, ఆ తాళం విప్పేటప్పుడు బొటనవేలిని అలుగు దారిలోనే పెట్టవలసిన నమూనాలు చాలా ఉన్నాయి. మడవని కత్తికి ఇవేమీ లేవు. ఒర నుంచి లాగితే సిద్ధం, ఒక చెయ్యి దెబ్బతిన్నా రెండో చేత్తో తీయవచ్చు, కడిగి తుడిస్తే పని అయిపోయింది. మన వయసుకు అదే నయం.

పొడవు నాలుగంగుళాలు అన్నాను. మూడున్నర ఉన్నా ఫరవాలేదు. అసలు చూడవలసినది మందం, దాన్ని ఎవరూ చూడరు. అంగట్లో అడవికత్తి అని చెప్పి ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్నవి చూపిస్తారు. వాటితో జామకాయ కోసి చూడండి, తెగదు, పగులుతుంది. రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల వీపు చాలు. స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరు మీద వచ్చే కత్తులు ప్రపంచమంతటా రైతులూ, వడ్రంగులూ, జాలరులూ వాడతారు. వాటిలో ఎక్కువమంది కొనే నమూనా నాలుగంగుళాలు, రెండున్నర మిల్లీమీటర్లు. దానికి గొప్ప అందమేమీ లేదు. మా అబ్బాయి తెచ్చి ఇచ్చినప్పుడు మా ఆవిడ, "ఇంతదూరం నుంచి ఇదా తెచ్చావు?" అన్నది. ఇప్పుడు అది నడక రోజున తప్ప నాకు దొరకదు. మిగిలిన రోజుల్లో వంటింట్లో ఉంటుంది.

మొన సూదిలాగా ఉండకూడదు, వీపు నుంచి మెల్లగా వంగి దిగాలి. అంచుకు రంపపు పళ్లు వద్దు; వాటిని మన సానరాయి మీద పదును పెట్టలేము. ఇక 1982లో రాంబో సినిమా వచ్చిన తరువాత ఒక జాతి కత్తులు బయలుదేరాయి. పిడి గుల్లగా ఉంటుంది, అందులో సూది, దారం, గాలం, మూతకు దిక్సూచి. మనవలు ముచ్చటపడి బహుమతిగా ఇస్తారు. తీసుకోండి, సంతోషించండి, షోకేసులో పెట్టండి. పిడి గుల్ల కావటం వల్ల అలుగు ఉక్కు పిడి మొదట్లోనే ఆగిపోతుంది. చవకరకాలు సరిగ్గా అక్కడే విరుగుతాయి.

దీన్నిబట్టి రెండో పరీక్ష తెలుస్తుంది. అలుగు ఉక్కు పిడిలోకి ఎంతవరకు దిగింది? పిడి చివరదాకా అదే వెడల్పున పోయి, రెండు పక్కలా చెక్కలు వేసి రివిట్లు కొట్టి ఉంటే, పిడి అంచున ఉక్కు గీతలాగా కనపడుతుంది. అది అన్నిటికంటే గట్టిది. సన్నని తోకలాగా మూడువంతులు దిగి, చుట్టూ పిడి పోసినవి కూడా మన పనులకు తట్టుకుంటాయి. మోరా కత్తులు అనేకం ఆ రకమే. పనికిరానిది, ఒక అంగుళం మాత్రం లోపలికి గుచ్చి లక్కతోనో జిగురుతోనో అతికించినది. రెండు కొనలూ పట్టుకుని కొంచెం అటూ ఇటూ వంచితే, కదలిక ఉంటే చేతికే తెలుస్తుంది.

పిడి గురించి పెద్దవాళ్లం మనం ప్రత్యేకంగా ఆలోచించాలి. సన్నని పిడిని గట్టిగా బిగించి పట్టాలి. వేళ్లు నొప్పి చేస్తాయి. కాస్త లావుపాటి పిడి అయితే వదులుగా పట్టినా నిలుస్తుంది. గుండ్రంగా కాక కోడిగుడ్డులాగా ఉండాలి, అప్పుడు చీకట్లో కూడా పదును ఏ వైపున్నదో అరచేతికి తెలుస్తుంది. చెమట చేతిలో వేళ్లు జారి అలుగు మీదికి పోకుండా పిడి ముందుభాగాన ఒక చిన్న ఎత్తు ఉండాలి. వేళ్ల కోసం గాళ్లు చెక్కిన పిడులు చూడటానికి బాగుంటాయి. అవి ఎవరి వేళ్లకో చెక్కినవి, మన వేళ్లకు కావు. రంగు కూడా ముఖ్యమే. ఆకుపచ్చా, నలుపూ మచ్చలతో మిలిటరీ రంగు పిడులు అమ్ముతారు. గడ్డిలో పడితే ఇక దొరకవు. నారింజ రంగో ఎరుపో కొనండి. ఉన్నదే వాడదలచుకుంటే ఎర్ర ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టండి.

ఉక్కు సంగతి. కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, కానీ తుప్పు పడుతుంది. నిమ్మకాయ, మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. సముద్రం గాలి తగిలే మన ఊళ్లలో ఒక రాత్రి తడిగా వదిలితే తెల్లారేసరికి మచ్చలు కనపడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆ బాధ తక్కువ, పూర్తిగా లేకపోలేదు. తుడిచి, కొబ్బరినూనె తడి తగిలించి పెట్టే ఓపిక ఉన్నవారికి కార్బన్ ఉక్కు; ఇంటికి రాగానే సంచి మూలన పడేసేవారికి స్టెయిన్‌లెస్. మీరెటువంటివారో మీ ఇంట్లోవారిని అడిగి కొనండి. ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఒకప్పుడు మూసలో కరిగించి తీసే ఉక్కుకు పేరుమోసిన చోటు. పర్షియా నుంచి వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారు. డమాస్కస్ ఖడ్గాలని లోకం పొగిడినవాటి వెనుక అటువంటి దక్కను ఉక్కు ఉన్నది. ఇప్పుడు మనం స్వీడన్ నుంచి తెప్పించుకుంటున్నాము!

దిగుమతి కత్తే కావాలని లేదు. మీ ఊళ్లో కొలిమి ఇంకా వెలుగుతుంటే కమ్మరి చేత చేయించుకోండి. లారీ కమాను ముక్క మంచి ఉక్కు. కానీ ఆయనకు కొలతలు చెప్పాలి: నాలుగంగుళాలు, వీపు మూడు మిల్లీమీటర్లు. చెప్పకపోతే పొలం పనికి చేసినట్టు మందంగా, బరువుగా చేసి ఇస్తాడు. అది ఆయన తప్పు కాదు, అడిగేవాళ్లంతా అదే అడుగుతారు. పదును పెట్టి నీట ముంచిన తరువాత ఆకురాయితో అంచున గీసి చూడండి. ఆకురాయి జారిపోతే అంచు గట్టిగా ఉన్నట్టు, కొరికితే మెత్తబడినట్టు. పిడికి తుమ్మకర్ర గానీ టేకు గానీ వేయించండి.

ఇప్పుడు ఒర దగ్గరకు వచ్చాను. కత్తి మీద పెట్టే శ్రద్ధలో సగం ఒర మీద పెట్టమని నా మనవి. మన వయసులో నడకలో కత్తి వల్ల జరిగే పెద్ద ప్రమాదం కోస్తున్నప్పుడు కాదు, పడినప్పుడు. కాలు జారి కూలబడితే మొన పల్చని తోలు ఒరను చీల్చుకుని తొడలోకి దిగుతుంది. తొడ లోపలివైపున పెద్ద రక్తనాళం ఉంటుంది. కాబట్టి ఒర మొన దగ్గర రివిట్లు గానీ, లోపల గట్టి ప్లాస్టిక్ తొడుగు గానీ ఉండాలి. కత్తిని ఒరలో పెట్టి తలకిందులు చేసి నాలుగుసార్లు గట్టిగా విదల్చండి. జారి పడితే ఆ ఒర వద్దు. బొటనవేలితో ఒరను తోసి, ఒక్క చేత్తో కత్తి తీయగలగాలి. తోలు ఒర అందంగా ఉంటుంది, కానీ వానాకాలం తడి పీల్చుకుని అలుగును తినేస్తుంది. ఇంట్లో కత్తిని తోలు ఒరలో నిలవ ఉంచకండి. అడుగున నీరు కారే రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ఒర మన కోస్తా జిల్లాలకు మంచిది. బెల్టుకు పెట్టుకుంటే పక్కన, కొంచెం వెనుకగా ఉండాలి, ముందు ఎప్పుడూ వద్దు. పంచె మీద నడిచే మిత్రులకు ఆ బాధ లేదు. సంచి పక్క జేబులో పెట్టుకోవటమే. దినపత్రికలో చుట్టిన వంటింటి కత్తి మాత్రం దయచేసి మానండి. ఆ పత్రిక ఎంత పెద్ద పత్రికైనా కత్తిని ఆపలేదు.

చట్టం సంగతి కూడా తెలియాలి, ఎందుకంటే ఈ వయసులో రేంజరు ముందు నిలబడటం బాగుండదు. ఆయుధాల నిబంధనల ప్రకారం అలుగు 9 అంగుళాల పొడవు దాటినవీ, 2 అంగుళాల వెడల్పు దాటినవీ ఆయుధాల జాబితాలోకి వస్తాయి. వంటకూ, వ్యవసాయానికీ, వృత్తి పనులకూ చేసినవి మినహాయింపు. నోటిఫై చేసిన ప్రాంతాలలో ఆ జాబితాలోనివాటికి లైసెన్సు కావాలి. మన నాలుగంగుళాల కత్తి దాని దరిదాపుల్లోకి రాదు. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరు. అందులో ఆయుధమనే మాటకు ఇచ్చిన అర్థంలో కత్తి కూడా ఉంది, పొడవుతో నిమిత్తం లేదు. వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా అభయారణ్యంలోకీ, జాతీయ ఉద్యానవనంలోకీ ఆయుధంతో ప్రవేశించకూడదు. అంటే మన విశాఖ పక్కనున్న కంబాలకొండకైనా, తలకోన ఉన్న శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనానికైనా, నల్లమలలో పులుల అభయారణ్యానికైనా కత్తి ఇంట్లోనే ఉండాలి. పండ్లు ఇంటి దగ్గరే కోసి డబ్బాలో పెట్టుకోండి, కట్లకు నర్సులు వాడే మొండి మొన కత్తెర పెట్టుకోండి. ఏ దారి దేని పరిధిలోకి వస్తుందో ముందురోజే అటవీ కార్యాలయంలో కనుక్కోవాలి. రిజర్వు అడవిలో కత్తి సంచిలో ఉన్నా పచ్చికొమ్మ జోలికి పోకండి; అదీ నేరమే. విమానంలో చేతి సంచిలో కత్తి కుదరదు, లోపల వేసే సామానులో ఒరతో సహా చుట్టి పెట్టాలి. పిల్లలు ఇంగ్లండులో ఉన్నవారు అక్కడికి మాత్రం తీసుకెళ్లకండి. అక్కడ సరైన కారణం చూపలేకపోతే మడవని కత్తి వెంట ఉండటమే నేరం. మినహాయింపు మూడంగుళాల లోపు మడతచాకుకే.

ఇంతవరకు చెప్పినది మరిచిపోయినా ఫరవాలేదు, ఇప్పుడు చెప్పబోయేది జ్ఞాపకం పెట్టుకోమని వేడుకుంటున్నాను. కత్తి ఎందుకు తెచ్చుకున్నారని మన బృందంలో అడిగితే, ముగ్గురు పెద్దలు ఒకటే జవాబు చెప్పారు: "పాము కరిస్తే గాటు పెట్టటానికి." మన చిన్నతనంలో పుస్తకాలలో కూడా అలాగే ఉండేది. గాటు పెట్టి, రక్తం పిండి, పైన తాడు బిగించమనేవారు. అది తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థా, మన ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలూ కూడా చేయకూడదనే చెబుతున్నాయి. ఎందుకో కూడా చెబుతాను. రక్తపింజరి విషం మన రక్తానికి గడ్డకట్టే గుణం పోగొడుతుంది. ఆ స్థితిలో మనం పెట్టిన గాటు నుంచి కారే రక్తం ఆగదు. మనలో చాలామందిమి గుండె కోసం రక్తాన్ని పల్చబరిచే మాత్రలు ముందే మింగుతున్నవాళ్లం; మన సంగతి ఇంకా కష్టం. పైగా ఆ గాటు వల్ల విషం బయటకు రాదు.

1981లో ఏజెన్సీలో మా క్యాంపు చైన్‌మన్ ఒకతనికి పాదం మీద పింజరి కాటు పడింది. పక్క క్యాంపు నుంచి నేను కబురు అంది చేరేసరికి రాత్రయింది. అప్పటికే వంటమనిషి, ప్రాణం కాపాడాలనే తాపత్రయంతోనే, కూరగాయల కత్తితో కాటు మీద రెండు లోతైన గాట్లు పెట్టాడు. తువ్వాళ్లు రెండు రక్తంతో తడిసి ముద్దయినాయి, ఇంకా కారుతూనే ఉన్నది. జీపులో పట్నం ఆసుపత్రికి చేర్చాము. వైద్యుడు కొంచెం రక్తం గాజుగొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి చూశాడు, గడ్డకట్టలేదు. సీరం ఎక్కించారు, రక్తం ఎక్కించారు, మనిషి బతికాడు. కోరల గుర్తులు నెలలోపు మానిపోయాయి. కానీ గాటుకు పాదం మీది నరాలు, అంటే వేళ్లను పైకి లేపే తాళ్లు తెగిపోయాయి. తరువాత అతను కాలీడ్చి నడిచాడు. గొలుసు పట్టే పని చేయలేకపోయాడు. పై అధికారులకు రాసి ఆఫీసులో అటెండరు పని ఇప్పించాము. కొండ మీద అందరికంటే ముందు నడిచే మనిషి, రికార్డు రూము ముందు స్టూలు మీద కూర్చుని రిటైరయ్యాడు.

కాబట్టి పాము కరిచినప్పుడు కత్తికి ఒకే పని ఉన్నది. తువ్వాలునో, పంచెనో వెడల్పాటి పట్టీలుగా కోయండి. కరిచిన కాలికో చేతికో పక్కన కర్ర పెట్టి, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కదలకుండా కట్టండి. రక్తం ఆగిపోయేంత బిగువుగా కాదు, వేలు దూరేంత వదులు ఉండాలి. ఉంగరాలు, మెట్టెలు, గాజులు, వాచీ వెంటనే తీసేయండి, వాపు వస్తుంది. పామును వెతుకుతూ పోకండి. మనిషిని నడిపించకండి, మోయండి. నడిస్తే విషం త్వరగా పాకుతుంది. రోడ్డెక్కగానే 108కి ఫోను చేసి, పాముకాటు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపొమ్మనండి. ఆ మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. నాటువైద్యుని గుమ్మం ముందు పోగొట్టే గంట మళ్లీ దొరకదు.

పదును సంగతి క్లుప్తంగా. ఇక్కడున్న సోదరీమణులకు దీని మీద నేను చెప్పగలిగినదేమీ లేదు. కత్తిపీట ముందు నలభై ఏళ్లు కూర్చున్నవారు వారు. మగవారి కోసం చెబుతున్నాను. మొద్దు కత్తే ప్రమాదం, ఎందుకంటే బలం పెట్టి నొక్కుతాము, జారుతుంది. సానరాయి మీద ఎంత వంపులో పట్టాలని అడుగుతారు. చదరపు కాగితం మూలను ఒకసారి మడిస్తే 45 డిగ్రీలు, మళ్లీ మడిస్తే 22న్నర. ఆ మడత పక్కన పెట్టుకుని కత్తి వంచండి, చాలు. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని గరుకు అంచు మీద పది సార్లు రాయండి. సైకిలు మీద సాన తిప్పుకుంటూ వచ్చేవారికి ఇస్తే మాత్రం పక్కన నిలబడండి. నిప్పురవ్వలు ఎక్కువసేపు లేచి అంచు నీలిరంగు తిరిగిందంటే ఉక్కు మెత్తబడిపోయినట్టే.

కోసేటప్పుడు ఒళ్లో పెట్టుకుని కోయకండి, బండ మీద పెట్టి కోయండి. ఎవరైనా అడిగితే చేతికి ఇవ్వక, కింద పెట్టండి, వారే తీసుకుంటారు. మా అమ్మ ఉప్పూ, కత్తీ చేతికి ఇచ్చేది కాదు, గొడవలు వస్తాయనేది. ఆమె కారణం ఏదైనా పద్ధతి మంచిదే. తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గడియారం చూసి గట్టిగా అదిమి పట్టాలి, మధ్యలో తీసి చూడకూడదు. రక్తం పల్చబరిచే మాత్రలు వేసుకునేవారు ఇంకా ఎక్కువసేపు. మధుమేహం ఉన్నవారికి వేలి కొసల స్పర్శ తగ్గి, తెగినట్టు కూడా తెలియదు. అటువంటివారు కోసే పని పక్కవారికి అప్పగించి పండు తినే పని చూసుకుంటే చాలు.

అధ్యక్షులవారు గడియారం వైపు చూస్తున్నారు. వచ్చే నెల రెండవ ఆదివారం అనంతగిరి నడక ఉన్నది, ఉదయం ఐదున్నరకు బస్టాండు దగ్గర కలుసుకుందాము. దారి గురించి అటవీ కార్యాలయంలో కనుక్కునే బాధ్యత కార్యదర్శి గారు తీసుకున్నారు. ఎవరి కత్తి వారు ఒరతో సహా తీసుకురండి, విదిల్చి చూద్దాం. సానరాయి నేను తెస్తాను. కొబ్బరిబొండాల కత్తి మిత్రుడు ఈసారి దాన్ని ఇంట్లో వదిలి, బదులుగా దోసకాయలు తెస్తానని ఇందాక భోజనాల దగ్గర మాట ఇచ్చారు.